గీత మసకబారితే సరుకెటు పోవాలి?

ధాన్యంలో బూజు విషాన్ని పట్టే పట్టీలు అమ్మే కంపెనీలు తమ సరుకు గొప్పతనం చెప్పుకోవడానికి ముందుగా ఒక అంకె చూపిస్తాయి. కిలో గింజల్లో ఎంత తక్కువ విషం ఉన్నా తమ పట్టీ కనిపెడుతుందో చెప్పే అంకె అది. పరిశోధనా పత్రాల్లోనూ ఇదే పోటీ. ఒకరు ఒక మైక్రోగ్రాము పట్టామంటే, మరొకరు అందులో పదో వంతు పట్టామంటారు. చట్టం అడుగుతున్నది మాత్రం అంత సూక్ష్మం కాదు. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ తిండిగింజల్లో, పప్పుధాన్యాల్లో అఫ్లాటాక్సిన్లు అనే బూజు విషాలన్నిటికీ కలిపి పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అమెరికాలో అది 20. ఈ విషయంలో బాగా గట్టిగా ఉండే ఐరోపా సమాఖ్య నేరుగా తినే వేరుశనగలో మొత్తం 4, అందులో బి1 రకం 2 దాటకూడదంటుంది. ఇవాళ దొరికే, వెలుగుతో కొలిచే మంచి ఫ్లోరసెంట్ పట్టీలు ఈ హద్దుల దగ్గర నమ్మకంగానే పనిచేస్తాయి. కాబట్టి పట్టీ చూపు ఇంకెంత పదునెక్కాలన్న ప్రశ్నకు కాలం చెల్లిందనే నా అభిప్రాయం. పట్టీకి ముందు పిడికెడు గింజలు తీసే పని ఒకటుంది. పట్టీ తర్వాత ఆ సరుకును ఏం చేయాలో తేల్చే పని ఒకటుంది. పెద్ద తప్పులు జరిగేది ఈ రెండు చోట్లే. డబ్బూ శ్రద్ధా మాత్రం ఇంకా మధ్యలో ఉన్న పట్టీ మీదే కుమ్మరిస్తున్నాం.

ఈ విషం సామాన్యమైనది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి దాణాగా తెచ్చిన వేరుశనగ చెక్క, దాని మీద పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దొరికాయి. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గ్రామాల్లో జనానికి కామెర్లు వచ్చి పొట్టలు ఉబ్బాయి. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త కృష్ణమాచారి, ఆయన సహచరులు వెళ్లి చూస్తే వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలో కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్ ఉంది. అంటే నేటి మన హద్దుకు కొన్ని వందల రెట్లు. జబ్బుపడిన 397 మందిలో 106 మంది పోయారు. మూడు దశాబ్దాల తర్వాత, 2004లో, కెన్యా తూర్పు జిల్లాల్లో ఇదే మొక్కజొన్న, ఇదే విషం 317 మందిని జబ్బుపరిచి 125 మందిని చంపింది. బూజు విషం ఒక్కటే రకమూ కాదు. 1995లో దక్కన్ పీఠభూమిలో అకాల వర్షాలకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిని 27 గ్రామాల్లో జనం కడుపునొప్పి, విరేచనాలతో బాధపడితే, అందుకు ఫ్యుమోనిసిన్ అనే మరో విషం కారణమని పోషకాహార సంస్థ వాళ్లే తేల్చారు. ఇవన్నీ ఊళ్లకు ఊళ్లు పడకేస్తే బయటపడినవి. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్ తెస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల్లో, చేర్చింది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వండితే పోదు, వేయిస్తే కొంత తగ్గినా పూర్తిగా పోదు. కంటికి ఆనదు. నిగనిగలాడే పలుకులో విషం ఉండొచ్చు, బూజు పట్టిన పలుకులో లేకపోనూవచ్చు. అందుకే కొలిచి తీరాల్సిన విషం ఇది.

కొలతలో వెలుగుకు మొదటి నుంచీ పాత్ర ఉంది. అతినీల కాంతిలో అఫ్లాటాక్సిన్ తనంతట తాను మెరుస్తుంది, కొన్ని రకాలు నీలంగా, కొన్ని ఆకుపచ్చగా. తొలినాళ్ల పరీక్షలన్నీ ఈ మెరుపు మీదే నడిచాయి. అదే ఊపులో ధాన్యం కొట్లలో చీకటిగది పద్ధతి ఒకటి వాడుకలోకి వచ్చింది. మొక్కజొన్నను నలగ్గొట్టి అతినీల కాంతి దీపం కింద పరిస్తే బూజు సోకిన గింజలు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తాయి. ఆ మెరుపును చూసి లారీలు వెనక్కి పంపేవాళ్లు. తీరా చూస్తే ఆ మెరుపు విషానిది కాదు. బూజు తయారుచేసే కోజిక్ ఆమ్లం, పచ్చి గింజలోని ఎంజైముతో కలిసి పుట్టించే పదార్థానిది. మెరిసినా విషం ఉండకపోవచ్చు, మెరవకపోయినా ఉండవచ్చు. వెలుగును చూసి తీర్పు చెప్పే ఏ పరీక్షనైనా ఇక్కడి నుంచే అడగాలి: వెలిగేది ఏది, దానికీ విషానికీ మధ్య ఉన్న బంధం ఎంత గట్టిది?

కొత్త ఫ్లోరసెంట్ పట్టీలో వెలిగేది విషం కాదు. విషాన్ని పట్టుకునే యాంటీబాడీకి మనం తగిలించిన రేణువు. నిర్మాణం గర్భపరీక్ష పట్టీలాంటిదే. ఒక కొసన చుక్కలు వేస్తే ద్రవం నైట్రోసెల్యులోజ్ పొర వెంట పాకుతూ పరీక్ష గీత, పోలికకు ఉంచిన మరో గీత, ఈ రెండిటినీ దాటుతుంది. తీర్పు మాత్రం తలకిందులు. అఫ్లాటాక్సిన్ అణువు బరువు 312, దాన్ని పట్టే యాంటీబాడీ బరువు దాదాపు లక్షన్నర. అంత చిన్న అణువును రెండువైపుల నుంచి రెండు యాంటీబాడీలు పట్టుకోలేవు. అందుకని పరీక్ష గీత మీద ముందే విషపు అణువులను అతికించి పెడతారు. గింజల రసంలో విషం లేకపోతే వెలిగే యాంటీబాడీలన్నీ వచ్చి ఆ గీతను పట్టుకుని దాన్ని ప్రకాశవంతం చేస్తాయి. విషం ఉంటే అవి దారిలోనే దానికి చిక్కుకుపోయి గీత దాకా రావు, వచ్చినా ఖాళీ చేతులతో ఉండవు. విషం ఎంత ఎక్కువైతే గీత అంత మసక. గీత కనబడితే జబ్బు ఉన్నట్టని కరోనా కాలంలో అలవాటుపడ్డ కళ్లకు ఇది ఎదురు లెక్క. మామూలుగా వాడే బంగారు రేణువుల పట్టీలో ఈ మసకను మనిషి కన్ను అంచనా కట్టాలి. ఫ్లోరసెంట్ పట్టీలో చిన్న పరికరం రెండు గీతల వెలుగునూ కొలిచి, వాటి నిష్పత్తి నుంచి అంకె చెబుతుంది. యూరోపియం అనే అరుదైన మూలకం నింపిన రేణువులు వాడితే ఇంకో లాభం ఉంది. మిరప రంగు, నూనె, పొట్టు వంటివాటి సొంత మెరుపు కాంతి ఆగిన నానోసెకన్లలోనే చల్లారిపోతుంది. యూరోపియం వెలుగు వందల మైక్రోసెకన్లు నిలుస్తుంది. పరికరం కాస్త ఆగి చూస్తే చాలు, గోలంతా సద్దుమణిగి అసలు గీత ఒక్కటే మిగులుతుంది. మిరపకాయ వంటి ముదురు రంగు సరుకుకు ఇది నిజంగా పనికొచ్చే ఉపాయం. చైనాలోని వుహాన్ నూనెగింజల పరిశోధనా సంస్థ వంటి చోట్ల ఈ దారిలో చాలా పని జరిగింది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా పొలం దగ్గరే వాడే ఒక పట్టీని 2016లో ప్రకటించింది. రెండు డాలర్ల లోపు ఖర్చుతో, పావుగంట లోపు, కిలోకు 10 మైక్రోగ్రాముల దగ్గర తేల్చి చెబుతుందని అప్పట్లో చెప్పారు.

ఫ్లోరసెన్స్ వల్ల అసలు ఒరిగింది సూక్ష్మదృష్టి అని అందరూ అంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది వేరు. హద్దు దగ్గర ఉన్న సరుకులో గీత మసకబారిందా లేదా అన్నది చూసేవాడి కంటిని బట్టే కాదు, వాడి లాభాన్ని బట్టి కూడా మారుతుంది. కొనేవాడికి మసకగా, అమ్మేవాడికి స్పష్టంగా కనిపించే గీత మీద బేరం నడవదు. పరికరం చెప్పిన అంకెలో తప్పు ఉండొచ్చు గానీ అది కాగితం మీద పడుతుంది, తేదీతో నిలుస్తుంది, రేపు మరొకరు సరిచూడగలరు. అలాగని అంకె రాగానే నమ్మేయాలనీ కాదు. పట్టీలోని యాంటీబాడీ బి1ను పట్టినంత గట్టిగా బి2, జి1, జి2 రకాలను పట్టకపోవచ్చు. చట్టం అడిగేదేమో నాలుగింటి మొత్తం. మొక్కజొన్నకు గీసిన కొలత రేఖ వేరుశనగకు సరిపోదు. నలభై డిగ్రీలు దాటే రాయలసీమ వేసవిలో రేకుల షెడ్డులో పడేసిన పట్టీల డబ్బా ఎన్నాళ్లు నిజం చెబుతుందన్నది పెద్ద సందేహమే. విషాన్ని గింజల నుంచి లాగడానికి చాలాకాలం వాడుతున్న మిథనాల్ మండేది, విషపూరితం కూడా. ఊళ్లో ఎవరి చేతికి పడితే వారికిచ్చే ద్రవం కాదది. నీటితోనే పని జరిపే పద్ధతులు ఇప్పుడు వస్తున్నాయి, మంచిదే. ఇవన్నీ ఉన్న లోపాలే. కానీ ఇవన్నీ తెలిసిన లోపాలు, ప్రమాణ నమూనాలతో అప్పుడప్పుడూ సరిచూస్తే అదుపులో ఉండేవి. అమెరికా వ్యవసాయ శాఖ ఏ కంపెనీ పట్టీ ఏ ధాన్యానికి, ఏ పరిధిలో పనికొస్తుందో స్వయంగా పరీక్షించి ఆమోదం ఇస్తుంది. ఆ ఆమోదం పొందిన పట్టీలతోనే అక్కడ అధికారిక ధాన్య తనిఖీ సాగుతోంది.

అసలు చిక్కు పట్టీ మీద చుక్క పడకముందే ఉంది. అఫ్లాటాక్సిన్ గింజలన్నిటికీ సమానంగా పట్టదు. వేల పలుకుల్లో ఒకటీ అరా పలుకులో గుట్టగా చేరుతుంది. ఒక్క వేరుశనగ పలుకులోనే కిలోకు పది లక్షల మైక్రోగ్రాములకు పైబడిన గాఢతలో విషం ఉన్న ఉదంతాలు 1960లలోనే నమోదయ్యాయి. దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. పలుకు బరువు అరగ్రాము అనుకుంటే దానిలో ఉన్న విషం 500 మైక్రోగ్రాములు. ఆ ఒక్క పలుకు 33 కిలోల శుభ్రమైన పప్పును కిలోకు 15 మైక్రోగ్రాముల హద్దు దాకా తీసుకుపోతుంది. ఆ 33 కిలోల్లో దాదాపు 66 వేల పలుకులుంటాయి. పరీక్షకని యాభై గ్రాములు, అంటే వంద పలుకులు తీస్తే ఆ పాడు పలుకు చేతికి చిక్కే అవకాశం 660లో ఒక్కటి. చిక్కకపోతే పట్టీ సున్నా చూపిస్తుంది. చిక్కితే కిలోకు పదివేల మైక్రోగ్రాములు చూపిస్తుంది. రెండూ ఆ పప్పు గురించి తప్పుడు కబుర్లే, పట్టీ మాత్రం రెండుసార్లూ నిజమే చెప్పింది. ఇది కావాలని ఎంచుకున్న విపరీతపు ఉదాహరణ, నిజమే. మామూలు సరుకులో ఒకటికి బదులు పది పాడు పలుకులు తక్కువ గాఢతతో ఉండొచ్చు, అప్పుడు గండం కొంత తగ్గుతుంది. అయినా అమెరికాలో థామస్ విటేకర్ వంటివారు దశాబ్దాల పాటు చేసిన గణాంక పరిశోధన చెప్పేదీ ఇదే. చిన్న నమూనా తీసినప్పుడు తుది ఫలితంలో వచ్చే తేడాలో సింహభాగం నమూనా తీయడంలోనిది. కొలిచే పద్ధతి వాటా చాలా చిన్నది. ఆ కొంచెం వాటాను సగానికి తగ్గించడానికి కోట్లు ఖర్చుపెట్టి, పెద్ద వాటాను బస్తా నోరు విప్పి దొరికినన్ని గింజలు తీసే కూలీ చేతికి వదిలేయడం ఎక్కడి లెక్కో అర్థం కాదు. అమెరికా వేరుశనగ వ్యాపారంలో ఒక సరుకుకు దాదాపు 22 కిలోల చొప్పున మూడు నమూనాలు తీయడం, ఐరోపా నిబంధనలు వేరుశనగకు 20 కిలోల దాకా నమూనా అడగడం ఊరికే కాదు. తీసినదంతా మెత్తగా ఆడించి, కలిపి, అందులోంచి కొద్దిగా తీసుకోవాలి. గింజలుగా ఉన్నప్పుడు చేసే ఎంపిక జూదం. పిండి అయ్యాక చేసేదే కొలత.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. నమూనా ఇంత అనిశ్చితమైతే పది నిమిషాల పట్టీ ఎందుకు, ప్రయోగశాలలో హెచ్‌పీఎల్‌సీ అనే ఖరీదైన పరీక్ష ఎందుకు, పరీక్ష పేరుతో జనాన్ని మభ్యపెట్టడం కాదా? కాదనే నా జవాబు. అనిశ్చితి ఎక్కువున్న చోట ఒకే ఒక ఖరీదైన కచ్చితమైన పరీక్షకన్నా, ఎన్నో చోట్ల నుంచి తీసిన నమూనాల మీద చవకైన పరీక్షలే ఎక్కువ చెబుతాయి. హెచ్‌పీఎల్‌సీ కచ్చితత్వమంతా సీసాలో ఉన్న ద్రవానికే వర్తిస్తుంది, లారీలో ఉన్న సరుకుకు కాదు. పట్టీ చవకగా, చప్పున అవడం వల్ల వచ్చే నిజమైన మేలు ఇదే. సరుకు ఇంకా కదలకముందే, బస్తాలు కుట్టకముందే, ఒక్కో రైతు కుప్పను విడిగా చూడొచ్చు. ఇరవై కుప్పలు కలిపేశాక చేసే పరీక్ష ఇరవై మందినీ ఒకే గాటన కడుతుంది. కలపకముందు చేసే పరీక్ష ఆ ఒక్క పాడు కుప్పను పక్కకు తీస్తుంది. అయితే ఒకే పిండి మీద నాలుగు పట్టీలు ముంచితే నమూనా లోపం పోదు, నాలుగుసార్లు అదే పిడికెడును కొలిచినట్టే అవుతుంది. నాలుగు చోట్ల నుంచి తీసి, నాలుగుసార్లు ఆడించి, అప్పుడు ముంచాలి. కాబట్టి ఊరి స్థాయిలో ముందు కొనాల్సింది కొత్త తరం పరికరం కాదు. నూనెగింజ జిడ్డుకు మూసుకుపోకుండా కిలోల లెక్కన ఆడించే మర, బస్తా అడుగుదాకా గుచ్చి గింజలు తీసే గొట్టం. వీటి గురించి ఎవరూ పత్రికా ప్రకటనలు ఇవ్వరు. మొక్కజొన్నలో కష్టం కొంత తక్కువ. గింజ చిన్నది, ఒక్కో గింజలో విషం వేరుశనగ పలుకంత విపరీతంగా ఉండటం అరుదు. అందుకే లారీకి కిలో దగ్గరగా తీసిన నమూనాతో అమెరికా మొక్కజొన్న కొట్లు పని నడుపుతున్నాయి. అన్ని పంటలకూ ఒకే నమూనా నియమం పెట్టే ఆలోచనకు ఇది కూడా ఒక జవాబు.

ఇక గీత మసకబారాక ఏమవుతుందన్నది. ధాన్యం దగ్గర యంత్రం పెట్టి అంకె చెప్పించడం తెలుగు రైతుకు కొత్త కాదు. వడ్ల కొనుగోలు కేంద్రాల్లో తేమ మీటరు 17 శాతం దాటిందంటే కుప్ప మళ్లీ ఎండబెట్టాలి, లేదా తరుగు ఒప్పుకోవాలి. మొక్కజొన్నకు ఆ గీత 14 శాతం. మీటరు తప్పని రైతు, సరేనని మిల్లరు, మధ్యలో వాన. ప్రతి సీజనులోనూ ఇదే గొడవ. ఆ మీటరు ధర తగ్గించడానికి తప్ప పెంచడానికి ఎప్పుడూ పనికిరాదు. 12 శాతానికి ఎండబెట్టి తెచ్చిన రైతుకు దక్కేది అదే మద్దతు ధర, పైగా నీరు ఇగిరిన మేరకు తూకంలో నష్టం. పాల కేంద్రంలోనూ యంత్రమే ఉంది, అక్కడ కొలత మీద అంత అపనమ్మకం లేదు. వెన్న శాతం పెరిగితే లీటరు ధర పెరుగుతుంది, ఆ అంకె పోసినవాళ్ల కళ్లముందే కనబడుతుంది. అఫ్లాటాక్సిన్ పట్టీ మన యార్డుల్లోకి వస్తే ఈ రెండు దారుల్లో ఒకదాన్ని పడుతుంది. ఇప్పటి పోకడ చూస్తే మొదటిదే. పట్టీ కొనేవాడి జేబులో ఉంటుంది, పరీక్ష కొనేవాడి గోదాములో జరుగుతుంది, ఫలితం చెడ్డదైతే ధర కోత, మంచిదైతే మౌనం. అలాంటి పరీక్షను రైతు తప్పించుకు తిరగడానికే చూస్తాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

తిరస్కరించిన సరుకు మాయమైపోదు. దీన్ని గుర్తుంచుకోని విధానం ఎంత ఆధునికమైనా సగమే. యంత్రాలతో ఏరి పక్కన పడేసిన నల్ల పలుకులు, ముడతలు పడ్డ పలుకులు గానుగకు పోతాయి. విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది, కొంత వడకట్టని నూనెలోకీ దిగుతుంది. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసినప్పుడు నూనెలోని ఆ శేషం పోతుంది. రిఫైన్డ్ నూనె అంటేనే ముఖం తిప్పుకుని గానుగ నూనెకు రెట్టింపు ధర పెడుతున్న పట్టణ కుటుంబాలకు ఈ మాట రుచించదు. ఏ పలుకులు ఆడించారో అడగకుండా కొనే గానుగ నూనెకు స్వచ్ఛత హామీ ఏమీ లేదు. చెక్క పాడి పశువుల కుడితిలోకి, కోళ్ల దాణాలోకి పోతుంది. పశువు తిన్న బి1లో నూటికి ఒకటి నుంచి ఆరు వంతుల దాకా ఎం1 అనే రకంగా మారి పాలల్లోకి వస్తుంది. 2018లో ఆహార భద్రత సంస్థ దేశవ్యాప్తంగా పరీక్షించిన 6,432 పాల నమూనాల్లో 5.7 శాతం ఎం1 హద్దు దాటాయి. పాలల్లో నీళ్లు, యూరియా కలుపుతున్నారని గోల పెట్టే దేశంలో, కల్తీ కన్నా ఇదే పెద్ద సమస్య అని ఆ సర్వే నివేదికే చెప్పింది. గీత మసకబారిన బస్తాను ఎగుమతిదారు వెనక్కి పంపితే, అది ఊళ్లో చిక్కీలోకి, చట్నీలోకి, గేదె తొట్టిలోకి చేరుతుంది. ఐరోపా కోసం పెట్టిన పరీక్ష ఐరోపావారికి మంచి పలుకులు ఏరి పెట్టి, చెడ్డవాటిని ఇక్కడివాళ్ల పళ్లెంలో పోగుచేసే జల్లెడగా తయారవుతుంది. ఇది ఊహ కాదు, రెండు హద్దులున్న చోట వ్యాపారం సహజంగా నడిచే దారి. మన దేశపు వేరుశనగ, మిరప రెండూ ఐరోపా సరిహద్దుల్లో అఫ్లాటాక్సిన్ కోసం అదనపు తనిఖీల జాబితాలో ఉన్న సరుకులు. ఎగుమతి పల్లీకి పీనట్.నెట్ పేరుతో జాడ తీసే ఏర్పాటూ ఉంది. గుంటూరు యార్డు నుంచి విదేశానికి పోయే మిరపకు ఉన్న కాగితం, అదే యార్డు నుంచి ఇక్కడి కారం మిల్లుకు పోయే మిరపకు లేదు.

హద్దులే మితిమీరాయని, వాటి వల్ల పేద దేశాల రైతులు నష్టపోతున్నారని మరో వాదన. దీనికి ఆధారంగా చూపేది 2001లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు వేసిన లెక్క. ఐరోపా కఠిన హద్దు వల్ల ఏటా వందకోట్ల మందిలో 1.4 మరణాలు తగ్గుతాయట, ఐరోపాకు పోయే ఆఫ్రికా ధాన్యం, ఎండుపళ్లు, గింజపప్పుల ఎగుమతులు మాత్రం 64 శాతం, అంటే 67 కోట్ల డాలర్ల మేర, పడిపోతాయట. అంకె బలమైనది కావడంతో వెంటనే జనం నోళ్లలో పడింది. 2008లో అదే బ్యాంకు మరో అధ్యయనం నేల మీద పరిశీలించి, ఆఫ్రికా వేరుశనగ అంతకు ఎంతో ముందే ధర, నాణ్యత, సరఫరా పోటీలో వెనకబడిందని, ఈ హద్దు మీద మోపిన నింద మితిమీరిందని తేల్చింది. నాకు రెండో వాదనే నిలబడేదిగా కనిపిస్తోంది. ఐరోపా తినేవాడికి ఆ 1.4 మరణం చిన్నదే కావచ్చు. రోజూ మొక్కజొన్నే తింటూ, హెపటైటిస్ బి కూడా ఎక్కువున్న చోట బతికేవాడికి లెక్క వేరు. హద్దు వదులు చేస్తే ఎగుమతిదారు గట్టెక్కుతాడేమో గానీ పండించి తినేవాడి కాలేయానికి ఒరిగేదేమీ లేదు.

అసలు పరీక్షల గొడవే వద్దు, పొలంలోనే ఆపాలి అనేవాళ్ల మాటలో చాలా నిజం ఉంది. వర్షాధారపు వేరుశనగలో కోతకు ముందు చివరి మూడు నుంచి ఆరు వారాలు బెట్ట వస్తే నేల వేడెక్కి, కాయ భూమిలో ఉండగానే బూజు చొరబడుతుంది. అనంతపురానికి ఈ బెట్ట ఎంత మామూలో చెప్పక్కర్లేదు. ఆ సమయంలో ఒక్క తడి, పురుగు కుట్టని కాయ, పీకాక త్వరగా 8 శాతం తేమకు ఆరబెట్టడం, ముడత పలుకుల ఏరివేత, ఇవి ఏ పట్టీకన్నా ఎక్కువ విషాన్ని ఆపుతాయి. విషం చేయని ఫ్లేవస్ రకాలను పొలంలో చల్లి విషపు రకాలను తరిమే పద్ధతి అమెరికాలోనూ, అఫ్లాసేఫ్ పేరుతో ఆఫ్రికా దేశాల్లోనూ వాడుకలో ఉంది. 80 శాతానికి పైగా తగ్గింపు చూపుతోంది. ఇంతవరకూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క తడికి ట్యాంకరు నీళ్లు కొన్న రైతుకు ఎవరు డబ్బిస్తారు? అతని పలుకూ పక్కవాడి పలుకూ చూపుకు ఒకలాగే ఉంటే, ఒకే రేటుకు పోతే, వచ్చే ఏడు అతను నీళ్లు కొనడు. కంటికి కనబడని నాణ్యతకు ధర పలకాలంటే దాన్ని కొలిచే సాధనం బేరం జరిగే చోటే ఉండాలి. నివారణకు పట్టీ పోటీ కాదు. నివారణకు కూలి ముట్టజెప్పే లెక్క పుస్తకం అది.

పట్టీకి ముందు నమూనా, పట్టీ తర్వాత సరుకు తీర్పు, ఈ రెండు కొసలనూ సరిచేసిన చోట్లు లేకపోలేదు. టెక్సస్‌లో 2011 నుంచి నడుస్తున్న పద్ధతి ఒకటుంది. ధాన్యం కొట్టులో పనిచేసే మనిషికి రాష్ట్ర ప్రభుత్వ రసాయన శాఖ శిక్షణ ఇస్తుంది, ఆమోదించిన పట్టీలు వాడమంటుంది, ఉంచిన నమూనాలను మళ్లీ పరీక్షించి అతని పనిని తనిఖీ చేస్తుంది. అతను తీసిన ఒక్క నమూనా, చూపిన ఒక్క అంకె కొనేవాడికీ, నియంత్రణ శాఖకూ, పంట బీమా కంపెనీకీ చెల్లుతుంది. విషం ఎక్కువొస్తే రైతు మీదే మొత్తం భారం పడదు, బీమా ఆదుకుంటుంది. దానివల్ల పరీక్షను దాచుకోవాల్సిన అవసరం తగ్గింది. ఆ శాఖ వాళ్లే కెన్యా మొక్కజొన్న మిల్లులతో ఇలాంటి ఏర్పాటు చేశారు. మిల్లులో పరీక్షించేవాళ్లకు క్రమం తప్పకుండా తెలిసిన విషం ఉన్న నమూనాలు పంపి వాళ్ల పనితీరు సరిచూస్తారు. ఈ రెండు చోట్లా గొప్పతనం పట్టీది కాదు. ఒకే అంకెను అందరూ ఒప్పుకునే ఏర్పాటుది.

అనంతపురం, కర్నూలు వేరుశనగకు గానీ, తెలంగాణ మొక్కజొన్నకు గానీ ఇలాంటిది పెట్టాలంటే మొదటి అడుగు పట్టీల టెండరు కాకూడదు. రైతు ఉత్పత్తిదారుల సంఘం గోదాములో మర, గొట్టం, శిక్షణ పొందిన మనిషి ఉండాలి. ఆడించిన పిండిని మూడు పొట్లాలు కట్టి ఒకటి పరీక్షించి, ఒకటి రైతుకు, ఒకటి తగువు వస్తే ప్రయోగశాలకు దాచాలి. ధరను మంచి, చెడు అని రెండు ముక్కలుగా కాక మెట్లుగా పెట్టాలి: నేరుగా తినేందుకు పనికొచ్చేది, ఏరితే పనికొచ్చేది, రిఫైనరీకే పోవాల్సింది. మూడో మెట్టు సరుకును రిఫైనరీ కొని, దాని చెక్కను దాణాలోకి వదలకుండా చూసే పూచీ ఎవరిదో ముందే రాసుకోవాలి. దాణాకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన 20 మైక్రోగ్రాముల హద్దు ఉండనే ఉంది, చెక్క వ్యాపారంలో దాన్ని అడిగేవాళ్లే తక్కువ. ఆ పూచీకి డబ్బు కావాలి. పంట బీమాలో వానకు, గాలికి, తెగులుకు ఇచ్చే పరిహారం, బెట్ట తెచ్చిన విషానికి ఎందుకివ్వరన్న ప్రశ్నకు ఇప్పటిదాకా సాకు ఉండేది, దాన్ని పొలం దగ్గర కొలిచే దారి లేదని. ఆ సాకు ఇప్పుడు చెల్లదు.